రెండు చీటీలూ నా కౌంటర్ దగ్గరే కలుస్తాయి

ఓపియాయిడ్ల (నల్లమందు కోవకి చెందిన గట్టి నొప్పి మందులు, మత్తుమందులు) గురించి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వీడియోలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. అమెరికాలో ఏదో ఊళ్లో ఫుట్‌పాత్ మీద నడుం వంగిపోయి తూలుతున్న మనుషులు, వెనక భయపెట్టే సంగీతం, కింద "పిల్లలు జాగ్రత్త" అని ఒక ముక్క. ఆ మనిషి అక్కడిదాకా ఎలా వచ్చాడో ఎవరూ చెప్పరు. నేను చూసేది ఆ ముందు భాగాన్నే. అందుకే ఈ పోస్టు.

ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ శివారులో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పని చేస్తున్నాను. వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీలో బీఫార్మసీ చదివాను. పెళ్లయి ఇక్కడికి వచ్చాక పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. కింద ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. జరిగిన క్రమం మాత్రం మార్చలేదు.

మా షాపుకి ఒకే మనిషి పేరు మీద రెండు చోట్ల నుంచి మందుల చీటీలు వస్తుంటాయి. ఒకటి మానసిక వైద్యుడి దగ్గరనుంచి: లిథియం, క్వెటియాపిన్, సెర్ట్రలిన్ లాంటివి. ఇంకొకటి నొప్పుల డాక్టరు దగ్గరనుంచి: ఆక్సికోడోన్, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్లు. ఆ ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు ఎప్పుడూ మాట్లాడుకుని ఉండరు. చాలాసార్లు రెండో డాక్టరు ఉన్నాడనే మొదటాయనకి తెలియదు. ఆ రెండు చీటీలూ పక్కపక్కన కనిపించేది నా స్క్రీన్ మీద ఒక్కచోటే.

"అమెరికాలో అంతా కంప్యూటర్లోనే ఉంటుంది కదా, డాక్టర్లు చూసుకోరా?" అని మా తమ్ముడు అడిగాడు. చూసుకుంటారు. ఒహాయోలో ఓఆర్స్ అని ప్రభుత్వ రిజిస్టరు ఒకటి 2006 నుంచి ఉంది. ఎవరికి ఎన్ని ఆక్సికోడోన్ మాత్రలు, ఎన్ని అల్ప్రాజోలామ్ (ఆందోళనకి వాడేది) మాత్రలు ఇచ్చామో ప్రతి షాపూ అందులో ఎక్కించాలి. నొప్పుల డాక్టరు చీటీ రాసేముందు అది తెరిచి చూస్తాడు. కాని అందులో ఉండేది ప్రధానంగా అలవాటు పడే ప్రమాదం ఉన్న మందులే. లిథియం ఉండదు. డిప్రెషన్ మందు ఉండదు. భ్రమలకు వాడే మందు ఉండదు. అంటే ఈ పేషెంటు నిద్రమాత్ర వాడుతున్నాడని నొప్పుల డాక్టరుకి తెలుస్తుంది గాని, బైపోలార్‌తో (మూడ్ అతి ఉద్రేకానికీ డిప్రెషన్‌కీ మధ్య ఊగే జబ్బు) పదేళ్లుగా పోరాడుతున్నాడని తెలియదు, పేషెంటు నోరు తెరిచి చెబితే తప్ప. ఇంకో పక్క ఓపియాయిడ్ అలవాటుకి చికిత్స చేసే మెథడోన్ క్లినిక్‌లో రోజూ తాగించే మందు గోప్యత చట్టం వల్ల సాధారణంగా మాకెవరికీ కనిపించదు. ఒకే ఒంట్లో ఉన్న మందులు మూడు వేర్వేరు చోట్ల మూడు ముక్కలుగా నమోదై ఉంటాయి.

ఇది ఎవరో కొద్దిమంది సంగతి కాదు. డిప్రెషన్, ఆందోళన లాంటి మానసిక సమస్యలున్నవాళ్లు అమెరికా పెద్దవాళ్లలో సుమారు 16 శాతం. డాక్టర్లు రాసే ఓపియాయిడ్ చీటీల్లో సగానికి పైగా వెళ్లేది ఆ 16 శాతం మందికే అని 2017లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. నాకు ఆ లెక్క చదివి ఆశ్చర్యం కలగలేదు. మనసు బాగాలేని మనిషికి ఒంటినొప్పి కూడా ఎక్కువగానే తెలుస్తుంది. ఓపియాయిడ్ నడుం నొప్పినే కాదు, లోపలి బాధని కూడా కాసేపు మాయం చేస్తుంది. ఒకావిడ నాతో అంది, "ఆపరేషన్ తర్వాత ఆ మాత్ర వేసుకున్న మొదటి రాత్రి, నా జీవితంలో మొదటిసారి బుర్రలో గోల ఆగింది" అని. డిప్రెషన్ మందు పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మానసిక వైద్యుడి అపాయింట్‌మెంట్ దొరకడానికే ఇంకా ఎక్కువ పట్టొచ్చు. ఆ మాత్ర అరగంటలో పనిచేస్తుంది. ఆవిడ ఆ మాత్రని వదలలేకపోయిందంటే దాన్ని బలహీనత అని నేను అనలేను.

మందుల షాపులో నిలబడేవాళ్లకి మాత్రమే కనిపించే విషయాలు రెండు చెబుతాను, ఎందుకంటే ఇవి ఎక్కడా పెద్దగా మాట్లాడుకోరు.

మొదటిది. కోడీన్ అనేది తనంతట తాను పెద్దగా నొప్పి తగ్గించదు. కాలేయంలో ఒక ఎంజైము దాన్ని మార్ఫిన్‌గా మార్చాలి. ట్రమడాల్‌కి కూడా అదే ఎంజైము కావాలి. డిప్రెషన్‌కి వాడే ఫ్లూక్సెటిన్, పరోక్సెటిన్, బుప్రోపియాన్ ఆ ఎంజైముని అడ్డుకుంటాయి. ఇప్పుడు డిప్రెషన్ ఉన్న మనిషి పన్ను పీకించుకుని కోడీన్ తెచ్చుకున్నాడనుకోండి. నొప్పి తగ్గదు. ఫోన్ చేసి "పనిచేయట్లేదు, ఇంకాస్త గట్టిది ఇవ్వండి" అంటాడు. ఫైల్లో డిప్రెషన్ అని ఉంది, నోటితో గట్టి మందు అడుగుతున్నాడు. వెంటనే "మత్తు కోసం అడుగుతున్నాడు" అని రాసేస్తారు. ఆ ముద్ర ఒకసారి పడితే కాలు విరిగి వెళ్లినా అనుమానంగానే చూస్తారు. ట్రమడాల్‌తో ఇంకో బాధ కూడా ఉంది. ఈ మందులతో కలిస్తే మూర్ఛ రావచ్చు, మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి ప్రాణం మీదికి రావచ్చు.

రెండోది కార్బమజెపిన్. మూడ్ నిలకడగా ఉండటానికి బైపోలార్‌లో ఇస్తారు, మూర్ఛకీ ఇస్తారు. ఇది కాలేయాన్ని చురుకు చేసి ఆక్సికోడోన్‌ని త్వరత్వరగా ఖర్చయ్యేలా చేస్తుంది. కాబట్టి ఆ మనిషికి నొప్పి తగ్గాలంటే డోసు పెంచుతూ పోతారు. ఏదో ఒకరోజు కార్బమజెపిన్ ఆపేస్తారు. రెండు మూడు వారాల్లో కాలేయం మామూలు వేగానికి వస్తుంది. ఆక్సికోడోన్ డోసు మాత్రం పాతదే. అదే మాత్ర, అదే సంఖ్య, కాని ఒంట్లో నిలిచే మందు ఎక్కువ. ఊపిరి మందగిస్తుంది. ఆ మనిషి తప్పుగా ఏమీ చేయలేదు, డాక్టరు రాసినట్టే వేసుకున్నాడు.

నేను చెప్పబోయే ఆయన సంగతి ఇక్కడే మొదలైంది. ఇళ్లకి పైకప్పులు వేసే పని. ఇరవై దాటిన కొత్తలోనే బైపోలార్ అని తేలింది. కార్బమజెపిన్ మీద చాలాకాలం నిలకడగా ఉన్నాడు, పెళ్లి చేసుకున్నాడు, విడాకులయ్యాయి, అమ్మ దగ్గరికి వచ్చేశాడు. పైకప్పు మీదనుంచి పడి వెన్నుకి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఆక్సికోడోన్. రక్తంలో సోడియం పడిపోతోందని మానసిక వైద్యుడు కార్బమజెపిన్ ఆపి వేరే మందు రాశాడు. సరైన నిర్ణయమే. ఆ కొత్త చీటీ మా దగ్గరికి వచ్చిన రోజు నేను నొప్పుల క్లినిక్‌కి ఫోన్ చేశాను. హోల్డ్‌లో పెట్టారు, వాయిస్ మెయిల్‌లో చెప్పమన్నారు, మళ్లీ చేశాను, ఫ్యాక్స్ పంపాను. చివరికి నర్సు దొరికింది. డోసు తగ్గించారు. ఆయనకి కౌంటర్ దగ్గరే విషయం వివరించి, వాళ్లమ్మ చేతికి నాలోక్సోన్ ముక్కు స్ప్రే (ఓపియాయిడ్ ఎక్కువై ఊపిరి ఆగుతుంటే దానికి విరుగుడు) ఇచ్చి ఎలా కొట్టాలో చూపించాను. ఒహాయోలో 2015 నుంచి డాక్టరు చీటీ లేకుండానే ఫార్మసిస్టు దాన్ని ఇవ్వొచ్చు.

కొన్ని నెలలకి నొప్పుల క్లినిక్ వాళ్లు ఆయన్ని తీసేశారు. మూత్ర పరీక్షలో గంజాయి కనిపించింది, రెండు అపాయింట్‌మెంట్లకి రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది. అప్పుడు డిప్రెషన్ దశలో ఉన్నాడు, మంచం దిగట్లేదు. ముప్పై రోజుల మందు రాసి ఉత్తరం చేతిలో పెట్టారు. ఇలా ఓపియాయిడ్లని ఉన్నట్టుండి ఆపేస్తే తీవ్రమైన బాధ, ఆత్మహత్య ప్రమాదం ఉంటాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. మానసిక జబ్బు ఉన్న మనిషి విషయంలో అది ఎంత క్రూరమో వేరే చెప్పాలా? ఒళ్లంతా నొప్పులు, వాంతులు, విరేచనాలు, చెమటలు, నిద్ర లేదు. దాని మీద మూడ్ జబ్బు. ఆయన బయట కొనుక్కున్నాడు.

బయట కొన్న మాత్ర అంటే ఇప్పుడు ఏమిటో తెలుసుకోవాలి. నేను మొదట ఉద్యోగం చేసింది దక్షిణ ఒహాయోలో, ఒహాయో నది దగ్గర. అప్పట్లో పోర్ట్స్‌మౌత్ చుట్టుపక్కల డబ్బు కట్టించుకుని చీటీలు రాసే "నొప్పుల క్లినిక్‌లు" ఉండేవి, వేరే రాష్ట్రాల నంబర్ ప్లేట్లతో కార్లు వరుస కట్టేవి. అప్పుడు జనం మింగింది నిజమైన ఆక్సీకాంటిన్, 1996లో పర్‌డ్యూ కంపెనీ మార్కెట్‌లోకి తెచ్చిన ఆక్సికోడోన్ మాత్ర. 2011లో ఒహాయో చట్టం చేసి ఆ క్లినిక్‌లు మూయించింది. మూయించాల్సిందే. కాని అలవాటు పడ్డవాళ్లకి చికిత్స ఎక్కడా సిద్ధంగా లేదు. వాళ్లు హెరాయిన్‌కి మళ్లారు. 2013 తర్వాత హెరాయిన్ స్థానంలో ఫెంటానిల్ వచ్చింది. హెరాయిన్ కన్నా సుమారు 50 రెట్లు, మార్ఫిన్ కన్నా 100 రెట్లు బలమైనది. ఇప్పుడు వీధిలో దొరికే నీలం రంగు "ఆక్సీ" మాత్రలో ఆక్సికోడోన్ ఉండదు, అచ్చు మిషన్‌లో ఒత్తిన ఫెంటానిల్ ఉంటుంది. పట్టుబడ్డ నకిలీ మాత్రల్ని పరీక్షిస్తే 2023లో పదింటిలో ఏడింటికి ప్రాణం తీసేంత మోతాదు ఉందని అమెరికా మత్తుమందుల నిరోధక సంస్థ డీఈఏ ప్రకటించింది. ఆ మోతాదు రెండు మిల్లీగ్రాములు. పెన్సిల్ మొన మీద పట్టేంత.

ఒక సాయంత్రం వాళ్లమ్మ బాత్‌రూమ్ తలుపు తోసి చూస్తే నేల మీద పడి ఉన్నాడు. స్ప్రే కొట్టింది, 911కి (ఇక్కడి అత్యవసర నంబరు) ఫోన్ చేసింది, బతికాడు. ఎమర్జెన్సీలో కొన్ని గంటలు ఉంచి, ఫోన్ నంబర్లున్న ఒక కాగితం ఇచ్చి ఇంటికి పంపారు.

ఆ కాగితం పట్టుకుని ఆవిడ చేసిన ఫోన్ల గురించి నాకు కౌంటర్ దగ్గర నిలబడి చెప్పింది. మత్తు చికిత్స కేంద్రం వాళ్లు అన్నారట, "మీ అబ్బాయికి బైపోలార్ ఉంది, ముందు మూడ్ నిలకడ చేయించండి, అప్పుడు చేర్చుకుంటాం." మానసిక క్లినిక్ వాళ్లు అన్నారట, "మత్తులో ఉన్న మనిషికి మేం మందు మార్చలేం, ముందు అది మాన్పించండి, అప్పుడు చూస్తాం." రెండు చోట్లా మర్యాదగానే మాట్లాడారు. మూడో చోట రెండూ కలిపి చూస్తారు గాని వెయిటింగ్ లిస్టు ఉంది. ఆ లిస్టులో పేరు రాయించారు. మధ్యలో మానియా (బైపోలార్‌లో అతి ఉద్రేక దశ) పెరిగి మానసిక వార్డులో చేరాడు. అక్కడ ఓపియాయిడ్ ఏమీ ఇవ్వలేదు. డిశ్చార్జి అయి ఇంటికి వచ్చాడు.

ఓవర్‌డోస్‌లో చనిపోయేది ఎక్కువ వాడేవాళ్లే అనుకుంటారు జనం. చాలా సందర్భాల్లో కొన్ని రోజులు మానేసి మళ్లీ వాడినవాళ్లు పోతారు. ఒంటికి ఉన్న తట్టుకునే శక్తి మానేసిన రోజుల్లోనే తగ్గిపోతుంది, మనిషికి గుర్తుండే డోసు మాత్రం పాతదే. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మీద 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ మరణం ముప్పు మామూలు జనం కన్నా 129 రెట్లు అని తేలింది. మానసిక వార్డు నుంచి, రీహాబ్ నుంచి వచ్చినవాళ్లకీ ప్రమాదం అలాంటిదే. డిశ్చార్జి కాగితం మీద మూడ్ మందులు నాలుగు రాశారు. నాలోక్సోన్ రాయలేదు. ఓపియాయిడ్ అలవాటుకి చికిత్సగా ఇచ్చే బుప్రినార్ఫిన్ మొదలుపెట్టలేదు.

ఆయన ఇంటికొచ్చిన వారంలోనే చనిపోయాడు. వాళ్లమ్మ ఆ రోజు పనికి వెళ్లింది.

కొన్నాళ్లకి ఆవిడ మా షాపుకి వచ్చి, మూలనున్న పాత మందుల పెట్టెలో ఆయన మాత్రల డబ్బాలు ఒక్కొక్కటే వేసింది. మూడ్ మందులు దాదాపు నిండుగా ఉన్నాయి. నన్ను అడిగింది, "ఏ జబ్బుతో పోయాడమ్మా వీడు?" అని. మరణ ధ్రువపత్రంలో ఫెంటానిల్ అని ఉంది. అది నిజమే, కాని అది సగం జవాబు.

అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2024లో ఒక లెక్క ప్రచురించింది. 2022లో ఓవర్‌డోస్‌తో చనిపోయినవాళ్లలో సుమారు 22 శాతం మందికి మానసిక జబ్బు ఉన్నట్టు రికార్డుల్లోనే ఉంది. డిప్రెషన్ అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత ఆందోళన, ఆ తర్వాత బైపోలార్. ఆ జబ్బున్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి చనిపోవడానికి కొద్దికాలం ముందు ఎవరో ఒకరు సాయం చేసే అవకాశం ఉండింది: ఎమర్జెన్సీకి వెళ్లారు, లేదా చికిత్సలో ఉన్నారు, లేదా ఏదో సంస్థ నుంచి బయటికొచ్చారు. రికార్డుల్లోకి ఎక్కని జబ్బు ఎంతుందో ఆలోచించండి. డాక్టరు దగ్గరికే వెళ్లనివాడి డిప్రెషన్ ఏ ఫైల్లో ఉంటుంది?

నాకు కోపం తెప్పించేది ఏమిటంటే, ఏం చేయాలో తెలియక జరుగుతున్న చావులు కావివి. బుప్రినార్ఫిన్, మెథడోన్ అనే రెండు మందులు ఈ మరణాల్ని దాదాపు సగానికి తగ్గిస్తాయి. బుప్రినార్ఫిన్ నాలుక కింద పెట్టుకునే పల్చటి రేకు. అదీ ఓపియాయిడే, కాని కొంతవరకే పనిచేసి ఆగిపోతుంది, ఊపిరిని ఫెంటానిల్‌లా ఆపేయదు. ఆరాటం తగ్గుతుంది, మనిషి పనికి వెళ్లగలుగుతాడు. "ఒక మత్తు మానిపించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నారు" అని చాలామంది అంటారు. చదువుకున్నవాళ్లే అంటారు. షుగర్ ఉన్నవాడు రోజూ ఇన్సులిన్ వేసుకుంటే ఆ మాట అనరు. 2022 డిసెంబరు దాకా దీన్ని రాయాలంటే డాక్టరుకి ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. ఆ షరతు తీసేశారు. ఇప్పుడు మానసిక వైద్యుడే డిప్రెషన్ మందూ, బుప్రినార్ఫినూ ఒకే చీటీ మీద రాయొచ్చు. అలా ఒకే చేతి రాతతో రెండు మందులూ వచ్చినప్పుడు నాకు కలిగే ఊరట ఇంతా అంతా కాదు. ఇంకా చాలామంది రాయరు. కొన్ని షాపులు ఆ మందు తెచ్చి పెట్టరు. మేం పెడతాం.

ఒహాయోలో 2021లో ఓవర్‌డోస్‌తో 5,174 మంది పోయారు. 2023కి 4,452కి దిగింది. దేశమంతటా 2024లో మరణాలు ఇంకా బాగా తగ్గాయి. నాలోక్సోన్ విరివిగా దొరకడం దానికి ఒక కారణం అని నేను నమ్ముతాను. తగ్గుతోందని చెప్పి చేతులు దులుపుకునే రోజు మాత్రం రాలేదు.

ఇప్పుడు మనవాళ్ల సంగతి. నా కోటు మీద పేరు రాసి ఉంటుంది, చూస్తే తెలుగువాళ్లని తెలిసిపోతుంది. దగ్గు మందుకీ, బీపీ మందుకీ "మీది తెలుగేనా అండీ" అని నవ్వుతూ వస్తారు. డిప్రెషన్ చీటీ అయితే నన్ను చూసి వెనక్కి తిరిగి వేరే షాపుకి వెళ్లినవాళ్లని కళ్లారా చూశాను. ఒకమ్మాయి గొంతు తగ్గించి, "అక్కా, ఇది మా అత్తగారికి తెలియకూడదు, గుడిలో ఎవరితోనూ అనకండి" అంది. నేను ఎవరితోనైనా చెబితే నా లైసెన్సు పోతుంది, మా ఆయనకి కూడా చెప్పను అని చెప్పాను. అయినా ఆ భయం కళ్లలోంచి పోలేదు. సంబంధాలు, పరువు, నలుగురి మాట. ఇంటిదగ్గర నరాల డాక్టరు అని పేరు మార్చి చెప్పుకుని వెళ్లే అలవాటు విమానమెక్కి మనతోపాటే వచ్చింది.

ఆ దాపరికం ఇక్కడ ప్రాణం తీయగలదు, ఎలాగో చెబుతాను. మాస్టర్స్‌కి వచ్చిన కుర్రాడు. చేతిలో అప్పు, ఇంటర్వ్యూలు లేవు, రాత్రిళ్లు నిద్ర లేదు, గుండె దడ. అది ప్యానిక్. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే వీసాకి ఏమవుతుందోనని భయం. ఎవరో క్లాస్‌మేట్ "జానాక్స్ ఉంది, ఒకటేసుకో, టెన్షన్ పోతుంది" అన్నాడు. ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో కొన్న మాత్ర. సంక్రాంతి భోజనాల దగ్గర ఆ కుర్రాడి రూమ్‌మేట్ నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు. "ఆంటీ, వాడు డ్రగ్స్ తీసుకునేవాడు కాదు. టెన్షన్ మాత్ర ఒక్కటే వేసుకున్నాడు. గురక పెడుతున్నాడనుకున్నాం." ఆ కుర్రాడు బతికాడు. పెదాల రంగు మారడం చూసి ఒకడు 911కి ఫోన్ చేశాడు, అంతకుముందు కాసేపు చేయాలా వద్దా అని వాదించుకున్నారట, పోలీసులొస్తే అందరి వీసా స్టేటస్ పోతుందని. వాడు ఓపియాయిడ్ అనేది ఎన్నడూ అడగలేదు, కొనలేదు. ఆందోళనకి మందు వెతుక్కున్నాడు. ఆందోళన మాత్రలా ఒత్తిన దాంట్లో ఫెంటానిల్ ఉంది.

కాబట్టి ఇక్కడ చదువుకునే పిల్లలకి, వాళ్లతో గది పంచుకునేవాళ్లకి సూటిగా చెబుతున్నాను. షాపు సీసాలో, మీ పేరుతో ఇచ్చింది కాకపోతే ఏ మాత్రా మింగకండి. స్నేహితుడు ఇచ్చినా సరే, అది ఎక్కడిదో అతనికీ తెలియకపోవచ్చు. చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలర్ ఉంటారు, అక్కడ చెప్పింది గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత. రాత్రివేళ చచ్చిపోవాలనిపిస్తే 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు.

మనిషి లేపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిగా ఆగి ఆగి వస్తుంటే, గొంతులో గురగుర చప్పుడు వస్తుంటే, పెదాలు గోళ్లు నీలంగానో బూడిద రంగుగానో మారితే, కనుపాప సూదిమొనంత అయితే, అది నిద్ర కాదు. పేరుపెట్టి గట్టిగా పిలవండి, ఛాతీ మధ్య ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దండి. కదలకపోతే 911. వెంటనే నాలోక్సోన్ స్ప్రే ఒక ముక్కురంధ్రంలో పూర్తిగా నొక్కండి. ఊపిరి ఆడకపోతే, మీకు వస్తే, నోటితో ఊపిరి ఇవ్వండి. రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే రెండోది ఇంకో రంధ్రంలో. ఊపిరి మొదలయ్యాక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకి అడ్డుపడకుండా. లేచి "నాకేం కాలేదు" అన్నా ఒంటరిగా వదలొద్దు. స్ప్రే పనితనం అరగంట నుంచి గంటన్నర దాకానే, ఫెంటానిల్ అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు. పొరపాటున ఓపియాయిడ్ వాడని మనిషికి కొట్టినా హాని లేదు. కారణం ఏదో తేలక సందేహిస్తూ కూర్చోవడం కన్నా కొట్టడమే మేలు. సాయం పిలిచినవాళ్లకి చిన్న మత్తుపదార్థాల కేసుల నుంచి కొంత రక్షణ ఇచ్చే చట్టాలు ఒహాయోతో సహా చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి.

ఇంట్లో మానసిక జబ్బున్న మనిషి ఉండి, ఆ ఇంట్లోనే ఎవరి ఆపరేషన్ కోసమైనా ఓపియాయిడ్ మాత్రలు తెస్తే, వాటికి తాళం వేయండి. మిగిలినవి దాచుకోకండి, షాపులో పెట్టెలో వేసేయండి. నిద్రమాత్ర, ఆందోళన మాత్ర, మద్యం తాగడం, ఈ మూడింటిలో ఏది ఓపియాయిడ్‌తో కలిసినా ఊపిరికి ప్రమాదమే. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మందుల డబ్బాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, మానసిక వైద్యుడివి కూడా. సిగ్గుపడి ఆ ఒక్క డబ్బా ఇంట్లో వదిలేస్తే, ఆ డాక్టరుకి తెలిసే దారి వేరే లేదు.

ఇండియాలో ఉన్న మా చుట్టాలు అడిగితే ఇంకో విషయం చెబుతుంటాను. ఎయిమ్స్ ఆధ్వర్యంలో చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. దేశంలో రెండు శాతానికి పైగా జనం ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారని తేలింది. నల్లమందు, హెరాయిన్‌తో పాటు షాపుల్లో దొరికే మాత్రలూ అందులో ఉన్నాయి. ట్రమడాల్‌ని 2018లో మత్తుమందుల్ని నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. నడుం నొప్పికని ఎవరో ఇచ్చిన పాత చీటీ మీద నెలల తరబడి ఆ మాత్ర కొనుక్కునే మనిషి మీ ఇంట్లో ఉంటే, దాని వెనక డిప్రెషన్ ఉందేమో ఒకసారి అడగండి. ఈ విషయంలో మన దేశంలో ఉన్న ఒక పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. అక్కడ వ్యసనాన్ని చూసేదీ ప్రధానంగా మానసిక వైద్యులే. ఎర్రగడ్డ ఆసుపత్రిలో అయినా, బెంగళూరు నిమ్హాన్స్‌లో అయినా రెండూ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. ఇక్కడ ఆ తల్లి వెతికి వెతికి దొరకబుచ్చుకోలేనిది అదే. కాని గేటు దాటి లోపలికి వెళ్లడానికే మనవాళ్లు జంకుతారు. ఫోన్‌లో మొదలుపెట్టొచ్చు: టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. మత్తు సమస్యకి 14446.

నాలోక్సోన్ స్ప్రే 2023 సెప్టెంబరు నుంచి అమెరికా షాపుల్లో చీటీ లేకుండా అమ్ముతున్నారు. రెండు స్ప్రేల డబ్బా మొదట్లో 45 డాలర్ల దాకా ఉండేది. ఒహాయోలో ఉన్నవాళ్లు కొనక్కర్లేదు, ప్రాజెక్ట్ డాన్ అనే కార్యక్రమం ద్వారా ఉచితంగా ఇస్తారు, పోస్టులో ఇంటికీ పంపుతారు. మిగతా రాష్ట్రాల్లో కౌంటీ ఆరోగ్య శాఖని అడగండి. కారులో ఎండకి పెట్టకండి, గడ్డకట్టే చలిలో వదలకండి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. షాపుకి వచ్చి అడగడానికి మొహమాటంగా ఉంటే కౌంటర్ చివర పక్కకి పిలవండి, "ఆ స్ప్రే కావాలి" అంటే చాలు. ఎవరికోసమని నేను అడగను. తెలుగులో అడిగినా ఇస్తాను.